లెక్కల టీచరు గోడకుర్చీపై విచారణ

పట్టణ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి లెక్కలు చెప్పే టీచరుగారి కుడి మోకాలి ముందుభాగంలో, విద్యా సంవత్సరం మొదలైన పంతొమ్మిదో రోజున నొప్పి పుట్టినదనీ, సదరు నొప్పి ఎవరి అనుమతీ తీసుకోలేదనీ ముందుగా మనవి. అనుమతి అడిగి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదు. దరఖాస్తు హెడ్మాస్టరుగారి బల్ల మీద ఉండగానే దానంతటది తగ్గిపోయి ఉండేది.

ఆ నొప్పికి ఒక పద్ధతి ఉంది. మోకాలి వెనక రాదు, పక్కన రాదు. సరిగ్గా చిప్ప కింద, ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టు వస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు సణుగుతుంది, దిగేటప్పుడు అరుస్తుంది. టీచరు నిలబడి పాఠం చెబుతున్నంతసేపూ బుద్ధిగా వింటుంది. కాలు మడిచి గంటసేపు కుర్చీలో కూర్చుని లేస్తే మాత్రం పట్టుకుని నిలదీస్తుంది.

పదో తరగతి రెండో అంతస్తులో ఉంది. మెట్లు నలభై నాలుగు. ఎక్కినావిడ సాయంత్రం దాకా అక్కడే ఉంటే గొడవే ఉండేది కాదు. కానీ సుద్దముక్కల దుర్వినియోగాన్ని అరికట్టడానికి హెడ్మాస్టరుగారు ఈ ఏడాది ఒక విధానం ప్రవేశపెట్టారు. పీరియడుకి ఒక సుద్దముక్క. పీరియడు కాగానే మిగిలిన తునకను కింద కార్యాలయంలో వాపసు చేసి, పుస్తకంలో సంతకం పెట్టి, కొత్తది తీసుకోవాలి. ఈ విధానం వచ్చాక సుద్ద వాడకం సగానికి సగం తగ్గింది. పాఠాలు కూడా అంతే తగ్గాయి కానీ, వాటికి పుస్తకం లేదు. టీచరుగారు రోజుకి ఆరుసార్లు దిగాలి. ఆరు నలభై నాలుగులు రెండువందల అరవై నాలుగు. లెక్కల టీచరు కనుక ఈ గుణకారం ఆవిడ ప్రతి మెట్టు మీదా చేసేది.

ఆవిడ భర్త పోయి తొమ్మిది నెలలయింది. అంతకుముందు ఇద్దరూ సాయంత్రం పూట కాలవ వంతెన దాకా నడిచి వచ్చేవారు. ఆయన పోయాక ఆవిడ నడక మానేసింది. మానేయాలని అనుకోలేదు, ఒక్కతే బయలుదేరడం ఎలాగో తెలియలేదు. ఇంట్లో మాట్లాడేది గోడ గడియారం ఒక్కటే. పొద్దున్నే లేచి తల దువ్వుకోవడానికి మిగిలిన కారణం రెండో అంతస్తులో ఉన్న అరవై రెండు మంది పిల్లలు. అందుచేత మోకాలు నొప్పెడుతోందన్న సంగతి ఆవిడ పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు.

పన్నెండో రోజున మెట్ల కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, పక్కవాటుగా పీత దిగినట్టు దిగుతూ ఉండగా దొరికిపోయింది. ఆ మధ్యాహ్నానికే ఉపాధ్యాయుల గది వైద్యశాలగా మారింది.

"గ్యాసు మేడమ్! మోకాల్లోకి గ్యాసు దిగింది," అన్నారు సైన్సు మాస్టారు. సైన్సు చెప్పేది ఆయనే కనుక ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

"నాకూ వచ్చిందండీ, ఇరవయ్యేళ్ళ కిందట," అన్నారు డ్రిల్లు మాస్టారు. "పట్టించుకోలేదు. అదే సిగ్గుపడి పోయింది."

"వయసండీ. యాభై దాటాక మోకాళ్ళు మన మాట వినవు," అంది తెలుగు టీచరు. ఆవిడకు నలభై తొమ్మిది.

సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, కాలు కింద పెట్టావంటే నా మీద ఒట్టే. మూణ్ణెల్లు సెలవు పెట్టేసి పడుకో. అన్నయ్య ఉంటే నిన్నిలా తిరగనిచ్చేవాడా?"

"మీ అన్నయ్య ఉంటే రోజూ తిప్పేవాడమ్మా," అంది టీచరు.

ఆడపడుచు మాట మార్చి, మోకాలి తొడుగుల్లో ఏ రంగు మంచిదో చెప్పింది.

ఇక హెడ్మాస్టరుగారి విషయం. ఆయన కింద పనిచేసేవారి కష్టం చూసి ఊరుకునే మనిషి కాదు. వెంటనే అత్యవసర సమావేశం పిలిచారు. అందరినీ కూర్చోబెట్టి రెండు గంటల నలభై నిమిషాలు మాట్లాడారు.

"మిత్రులారా! మోకాలు వ్యక్తిది కాదు, సంస్థది. లెక్కల టీచరుగారి మోకాలు ఈ పాఠశాలకు మూలస్తంభం. ఇవాళ ఆ స్తంభం నొప్పెడుతోంది. రేపు భవనం మాటేమిటి? కనుక మోకాళ్ళ పట్ల మనందరం అప్రమత్తంగా ఉండాలని పిలుపునిస్తున్నాను!"

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతసేపు కాళ్ళు మడుచుకుని కూర్చున్న లెక్కల టీచరు ఒక్కతే లేవలేకపోయింది. ఆవిడ నిరసన తెలిపినట్టుగా సమావేశం పుస్తకంలో నమోదయింది.

నిరసన నమోదయ్యాక వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. ఎముకల డాక్టరుగారు చాలా పెద్ద డాక్టరు. ఆయన రోగుల మొహం చూడరు, ఎక్స్‌రే చూస్తారు. ఫిల్మును వెలుగుకి పెట్టి మురిసిపోయారు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇంత చక్కటి మోకాలు ఈ వారంలో చూళ్ళేదు నేను."

"నొప్పి ఉంది కదండీ."

"ఫిల్ములో లేదుగా!"

ఫారంలో మూడు ప్రశ్నలున్నాయి. నిలబడగలరా, కూర్చోగలరా, మెట్లు ఎక్కగలరా. మూడింటికీ ఆవిడ నిజాయితీగా అవునంది. దిగగలరా అన్న ప్రశ్న లేదు. ఎక్కినవారు ఏదో ఒక విధంగా కిందికి వస్తారని ఫారం తయారుచేసినవారి నమ్మకం. డాక్టరుగారు అడుగున 'వ్యాధి ఏమీ లేదు' అని రాసి, నొప్పికి మాత్రలు కూడా రాశారు. లేని వ్యాధికి ఉన్న మాత్రలు రాయడం పెద్ద డాక్టర్లకే చెల్లుతుంది.

హెడ్మాస్టరుగారు పత్రం చదివి చాలాసేపు ఆలోచించారు. "చూడండమ్మా, నాకు మీ బాధ తెలుసు. అర్ధ సంవత్సర పరీక్షలకి ఇంకా ఎనిమిది వారాలుంది. ఆ లోపల కుంటడం మానేస్తే సరే. లేదంటే మిమ్మల్ని కింద స్టాకు గదిలో వేస్తాను. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా హాయిగా కూర్చోవచ్చు."

"కూర్చుంటేనే ఎక్కువవుతోందండీ. మరి పదో తరగతి లెక్కలు?"

"డ్రిల్లు మాస్టారు చూసుకుంటారు. అంకెలు ఆయనకి కొత్తేం కాదు. ఒకటి నుంచి నాలుగు దాకా రోజూ చెప్పిస్తూనే ఉన్నారుగా!"

టీచరు ఆ రోజు బడి నుంచి తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. బస్సుస్టాపు ఎదురుగా, మందుల షాపు పైన ఒక ఫిజియోథెరపీ గది ఉంది. అక్కడికీ మెట్లే. గదిలో ఒక బల్ల, ఒక పొట్టి స్టూలు, రబ్బరు పట్టీలు, ముప్ఫయ్యేళ్ళు కూడా లేని ఒక అమ్మాయి ఉన్నారు. ఆ అమ్మాయి ఎక్స్‌రే పక్కన పెట్టి, టీచరును స్టూలు మీద నుంచి ఒంటికాలి మీద మెల్లగా దిగమంది. దిగుతున్నప్పుడు మోకాలు లోపలివైపుకు వాలిపోవడం చూసింది. చిప్ప చుట్టూ, తొడ మీద వేళ్ళతో నొక్కి చూసింది. ఆ తరవాత ఇంతవరకూ ఎవరూ అడగని మాట అడిగింది.

"నడవడం ఎప్పుడు మానేశారు టీచర్‌గారూ?"

టీచరు కిటికీలోంచి బస్సుల వైపు చూసింది. "తొమ్మిది నెలలయిందమ్మా."

అమ్మాయి కారణం అడగలేదు. "మోకాలిచిప్ప, తొడ ఎముక మీద ఒక గాడిలో జారుతూ ఉంటుందండీ. దాన్ని దారిలో పెట్టేవి తొడ కండరాలూ, తుంటి పక్క కండరాలూ. మీరు కదలకపోయేసరికి అవి నీరసపడ్డాయి. అలాంటప్పుడు ఒక్కసారిగా రోజుకి రెండొందల అరవై మెట్లు దిగమంటే..."

"రెండొందల అరవై నాలుగు," అంది టీచరు.

"...భారమంతా చిప్ప మీద పడింది. ఏదీ విరగలేదు, కొంపలేం మునగలేదు. బలం తగ్గింది, అంతే. పడుకుంటే బలం రాదు. కొంచెం కొంచెంగా పని చెప్పాలి. ఆరు వారాలు, ఎనిమిది వారాలు పడుతుంది. రోజూ చేయాలి."

పడుకుని మోకాలు వంచకుండా కాలు ఎత్తడం, పక్కకి తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం, పొట్టి స్టూలు ఎక్కి దిగడం, ఇరుగుపొరుగు వీధుల్లో పావుగంట నడక. మాత్రల్లేవు. అన్నీ చూపించాక అమ్మాయి గోడకు వీపు ఆనించి నిలబడి, పాదాలు కాస్త ముందుకు పెట్టి, కొంచెం కిందికి జారి ఆగింది. "ఇలా పది లెక్కపెట్టే దాకా. పూర్తిగా కిందికి పోవద్దు."

టీచరు తెల్లబోయింది. "ఇది గోడకుర్చీ కదమ్మా!"

"అదేనండీ."

"ఇది శిక్ష కదమ్మా!"

"శిక్షకీ చికిత్సకీ తేడా ఒక్కటేనండీ. నొప్పి ఎక్కువైతే ఆపేయమంటాను నేను."

లెక్కల టీచరు తన ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఈ భంగిమను సుమారు నాలుగు వేల మందికి ఉచితంగా నేర్పింది. ఆ మధ్య విద్యార్థులకు గోడకుర్చీ వేయించరాదని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. అప్పటినుంచి పాఠశాలలో దాన్ని 'గోడ దగ్గర ఆత్మపరిశీలన' అంటున్నారు. వేయించడంలో అంత అనుభవమున్నా, వేయడంలో ఆవిడకు ఇదే మొదలు. ఆ రాత్రి ఇంట్లో గోడకు ఆనుకుని జారి, లెక్క మొదలుపెట్టింది. నాలుగు దగ్గరికి వచ్చేసరికి తొడలు వణికాయి. అంకెల మధ్య ఇంత దూరం ఉంటుందని ఇరవై ఆరేళ్ళ లెక్కల బోధనలో ఆవిడకు తెలియలేదు.

వ్యాయామం రోజుకి మూడుసార్లు చేయాలి. మధ్యాహ్నం పూట బళ్ళోనే చేయక తప్పదు. భోజన విరామంలో పిల్లలు బయటికి పోయాక, తరగతి గదిలో నల్లబల్ల పక్కన గోడకి ఆనుకునేది. కిటికీకి తలుపుల్లేవు. రెండో రోజుకల్లా వార్త మైదానం దాటింది.

"టీచర్‌కి గోడకుర్చీ వేయించార్రా!"

"ఎవర్రా?"

"ఇంకెవరు, హెడ్మాస్టరు."

"ఏం చేసిందంటా?"

"లెక్క తప్పు చేసుంటుంది."

"మన టీచరా? నీ మొహం! హోంవర్కు దిద్దుండదు."

నాలుగో రోజున కిటికీ నిండా తలకాయలు మొలిచాయి. టీచరు కళ్ళు మూసుకుని ఒకటి, రెండు అంటూ ఉంటే, తలకాయలన్నీ కలిసి అందుకున్నాయి. "మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది! అయిపోయింది టీచర్, లేవండి!"

"అయిదేదీ? ఏడేదీ? తొమ్మిదేదీ?"

"మీకోసం వదిలేశాం టీచర్."

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఎవరికోసమూ ఒక్క అంకె వదల్లేదు. ఆ మధ్యాహ్నం పాఠం కాస్త ఆలస్యంగా మొదలైంది.

ఆరో వారానికి ఆవిడ కమ్మీ ఒక చేత్తోనే పట్టుకుని దిగుతోంది. సాయంత్రాలు వంతెన దారిలో సగం దూరం నడిచి వస్తోంది. మోకాలు ఇప్పుడు అరవడం మానేసి సణుగుడుకి దిగింది. అంతా సవ్యంగా ఉందనుకునే సమయానికి, ఒక విద్యార్థి తండ్రి ఉప్పొంగిపోయి విద్యా మండలికి అభినందన లేఖ రాశాడు. ఉపాధ్యాయులకు సైతం గోడకుర్చీ వేయిస్తున్న ఏకైక పాఠశాల ఇదేననీ, ఇంతటి క్రమశిక్షణ తాను ఎక్కడా చూడలేదనీ, హెడ్మాస్టరుగారికి సన్మానం చేయాలనీ దాని సారాంశం. మండలి కార్యాలయంలో అభినందనలకు ఫైలు లేదు. అలాంటివి ఎప్పుడూ రాలేదు. కనుక దాన్ని ఫిర్యాదుల్లో పెట్టారు. ఫిర్యాదు వచ్చింది కనుక విచారణాధికారిని వేశారు.

విచారణాధికారి నిండైన మనిషి. నేరస్థలంలోనే విచారణ జరగాలని పట్టుబట్టి రెండో అంతస్తు ఎక్కి, పిల్లల్ని మైదానంలోకి పంపించి, పదో తరగతి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. ముందుగా హెడ్మాస్టరుగారిని పిలిచారు.

శిక్ష నేను వేయలేదు అనబోయి హెడ్మాస్టరుగారు నాలిక కరుచుకున్నారు. వేయలేదంటే, తన పాఠశాలలో తనకు తెలియకుండా శిక్షలు పడుతున్నట్టు. అది అసమర్థత. వేశానంటే క్రమశిక్షణ. పైగా సన్మానం.

"నేనే వేశానండీ! నా పాఠశాలలో చిన్నాపెద్దా తేడా లేదు. న్యాయం ముందు గోడ అందరికీ ఒక్కటే!"

విచారణాధికారి సర్క్యులర్ తిరగేశారు. అందులో విద్యార్థులకు అని మాత్రమే ఉంది. ఉపాధ్యాయులకు వేయించకూడదని ఎక్కడా లేదు. హెడ్మాస్టరుగారు నిర్దోషిగా బయటికి వెళ్ళారు. శిక్ష రుజువైంది, శిక్షించినవారు దొరికారు. ఇక మిగిలింది నేరం ఒక్కటే. దానికోసం టీచరుగారిని లోపలికి పిలిచారు.

"ఏం నేరం చేశారమ్మా?"

"ఏమీ చేయలేదండీ. అది వైద్యం. మోకాలు నొప్పికి ఫిజియోథెరపిస్టు చెప్పింది."

అధికారి ధ్రువపత్రం వేలితో చూపించారు. "వ్యాధి ఏమీ లేదని డాక్టరుగారు రాశారు. లేని వ్యాధికి వైద్యం ఎలా ఉంటుందమ్మా? అసలు నొప్పి ఉందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"తగ్గుతోందండీ."

"తగ్గుతోంది అనడానికి ఇందులో గడి లేదు. ఉంది అంటే మీరు పై అంతస్తుకి పనికిరారు. ఇవాళే స్టాకు గదికి రాసేస్తాను. లేదు అంటే మీరు వేసింది వైద్యం కాదు, శిక్ష. శిక్షన్నాక నేరం ఉండాలి. ఏది రాయమంటారు?"

టీచరు నల్లబల్ల వైపు చూసింది. పొద్దున సగంలో ఆగిపోయిన లెక్క అలాగే ఉంది. కింద మైదానంలోంచి అరవై రెండు గొంతులు వినిపిస్తున్నాయి. డ్రిల్లు మాస్టారు వాళ్ళకి ఒకటి నుంచి నాలుగు దాకా చెప్పిస్తున్నారు.

"శిక్షే రాయండి," అంది.

"శభాష్! అయితే నేరం మీ చేత్తో మీరే రాసివ్వండి. మరీ పెద్దది వద్దు, ఉద్యోగం పోతుంది. చూసుకుని రాయండి."

టీచరు కాగితం తీసుకుంది. తప్పులు చేయడం అలవాటు లేని మనిషికి చిన్న తప్పు కోసం వెతుక్కోవడం కష్టమే. కలం పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ తరవాత కొట్టివేతలు లేకుండా ఒకే ఊపులో ఇలా రాసింది:

'ఇరవై ఆరేళ్ళపాటు పిల్లలకు గోడకుర్చీ వేయించాను. హోంవర్కు తేనివాళ్ళకి వేయించాను. నవ్వినవాళ్ళకి వేయించాను. ఎవరు నవ్వారో తెలియనప్పుడు వరసకి వరస వేయించాను. చాలని ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు. కొన్నిసార్లు చెప్పడం మరిచిపోయి పాఠంలో పడ్డాను. పది అంకెలు ఎంతసేపో ఈ మధ్యే తెలిసింది. ఇది నా నేరం.'

అధికారి చదివారు. మళ్ళీ చదివారు. ఆ తరవాత బెంచీ కదిలేలా నవ్వారు.

"ఇదేం నేరమమ్మా! ఇది బోధన! ఇలాంటివి రాస్తే నన్ను చూసి నవ్వుతారు. మా లెక్కల మాస్టారు నాకు రోజూ వేయించేవారు, తెలుసా? వేయించబట్టే ఇంతవాణ్ణయ్యాను. అందరం అలాగే పెరిగాం. మాకేమయింది?"

అని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించి, సుద్ద పుస్తకం తెప్పించి తిరగేశారు. ఒకానొక మంగళవారం టీచరుగారు మిగిలిన సుద్ద తునకను నాలుగు నిమిషాలు ఆలస్యంగా వాపసు చేసినట్టు అందులో ఉంది. ఆయన మొహం వెలిగింది. "ఇదీ నేరమంటే! మనిషన్నాక ఇలాంటివి చేయాలమ్మా."

రాయవలసింది రాసి, ఫైలు కట్టి, ఆయన బెంచీలోంచి లేవబోయారు. లేవలేకపోయారు. మళ్ళీ ప్రయత్నించారు. రెండు చేతులూ బల్లకి ఆనించి, పళ్ళు బిగించి, "అబ్బా" అని ఒక్క మాట అని, కుడి మోకాలు పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. మెట్ల దగ్గర కమ్మీ రెండు చేతులతో పట్టుకుని పక్కవాటుగా తిరిగారు. పక్కనే లెక్కల టీచరు ఒక్కో మెట్టూ ఆయనతో సమానంగా దిగుతూ, మందుల షాపు పైన గది ఎక్కడుందో చెప్పింది. తనకు మోకాలు నొప్పి ఏమీ లేదనీ, పొద్దున కారులో కాలు సరిగా పెట్టుకోలేదనీ ఆయన చెప్పారు.

ఉత్తర్వులు పదిహేను రోజులకు వచ్చాయి. టీచరుగారి నేరం రుజువైనందునా, శిక్ష ముందే అనుభవించినందునా ఫైలు మూసివేయడమైనదనీ, ఆవిడ పదో తరగతిలోనే కొనసాగవచ్చుననీ అందులో ఉంది. ఆ రోజు సాయంత్రం ఆవిడ వంతెన దాకా వెళ్ళి వచ్చింది.

ఉత్తర్వుల చివర, ఎవరూ అడగకపోయినా, విచారణాధికారి ఒక వాక్యం చేర్చారు. 'చిన్నతనంలో గోడకుర్చీ వేయడం వల్ల పెద్దయ్యాక ఎవరికీ ఎలాంటి హానీ కలగలేదని స్వానుభవంతో ధ్రువీకరిస్తున్నాను.' ఈ వాక్యం తల్లిదండ్రుల సంఘంలో చదివినప్పుడు హర్షధ్వానాలు మిన్నుముట్టాయి. ఇక్కడ కూడా దీన్ని చదివి, నిజమేనని తల ఊపిన పాఠకులు ఎవరైనా ఉంటే, దయచేసి ఉన్నచోటునుంచి ఒక్కసారి చేతుల ఆసరా లేకుండా లేచి నిలబడి, ఆ పైన ఊపవలసిందిగా మనవి.